ఆరడుగుల టీవీ కావాలి

టీవీల షాపు మేనేజరు గారికి,

దర్జీ గారి భార్య నమస్కారాలు. ఉత్తరం మొదట్లో ఉభయకుశలోపరి అని రాయాలని మా అమ్మ నేర్పింది. మా ఇంట్లో కుశలం లేదు. కాబట్టి మీ సగం మీరు ఉంచుకోండి, మా సగం కొట్టేశానని అనుకోండి. నేను చదివింది ఐదో తరగతి, తప్పులుంటే సర్దుకోండి.

మా అబ్బాయి పోయిన వానాకాలం జ్వరంతో చనిపోయాడు. ఒక్కడే కొడుకు. ఆరడుగులు ఉండేవాడు. వీధిలో అందరూ నిచ్చెన అని పిలిచేవాళ్ళు. ఎవరింట్లో బల్బు పోయినా వీణ్ణే కేకేసేవాళ్ళు, స్టూలు లేకుండా మార్చి వచ్చేవాడు. ఇప్పుడు మా వంటింట్లో బల్బు పోయింది. అలాగే ఉంది.

వాడి ఫోటోలు ఉన్నాయి గానీ అన్నీ కార్డుల కోసం తీసినవి. పోలీసులు పట్టుకొచ్చినట్టు బిగుసుకుపోయి ఉంటాడు. నవ్వుతున్నది నా ఫోనులో ఒక్క వీడియో. నిజానికి నేను తీసింది ఫ్రిజ్‌ని. కొత్తగా వచ్చింది, మా చెల్లెలికి పంపిద్దామని. వాడు మధ్యలో వచ్చి దాని మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు. వెనక కిటికీ. ఎండంతా నా మీదే పడింది, వాడి మొహం నల్లగా వచ్చింది. నవ్వు వినపడుతుంది, కనపడదు.

వాడు వాడంత ఎత్తున నిలబడి, మొహం తెలిసేలా చూపించే టీవీ కావాలి. ఎల్ఈడీ, క్యూఎల్ఈడీ, ఓఎల్ఈడీ అని మూడు రకాలు ఉన్నాయట. వాటిలో ఏది చూపిస్తుందో రాయండి. తొందరగా రాయండి బాబూ. ఫోను వీపు ఉబ్బింది, ఎప్పుడు పోతుందో తెలియదు. వేరే దాంట్లోకి ఎక్కించుకోమంటున్నారు. ఎక్కించేటప్పుడు మధ్యలో జారిపోతే నేనేం చెయ్యను?

ఇట్లు,
దర్జీ గారి భార్య

తా.క. మీ నంబరుకి ఫోన్ చేశాను. ఒకటి నొక్కు, రెండు నొక్కు అని ఒకావిడ చెబుతూనే ఉంది. నా సంగతంతా చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా విన్నది, చివర్లో మళ్ళీ ఒకటి నొక్కమంది.

*

గౌరవనీయులైన కస్టమర్ గారికి,

మా షోరూమును ఎంచుకున్నందుకు ధన్యవాదాలు. మీరు అడిగిన వివరాలు ఇవి.

ఎల్ఈడీలో తెర వెనక దీపాలు ఉంటాయి. అందువల్ల నలుపు కొంచెం బూడిద రంగుగా కనిపిస్తుంది. క్యూఎల్ఈడీ కూడా ఆ జాతిదే. రంగులు ఎక్కువ, వెలుతురు ఎక్కువ, ఎండ పడే గదికి మంచిది. ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తనంతట తనే వెలుగుతుంది, తనంతట తనే ఆరిపోతుంది. అందువల్ల నలుపు పక్కా నలుపు. మీకు మేము ఓఎల్ఈడీనే సూచిస్తున్నాము. తెర సైజును ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలుస్తామని గమనించగలరు.

మీకు, మీ కుటుంబ సభ్యులందరికీ, ముఖ్యంగా మీ అబ్బాయి గారికి పెద్ద తెర ఆనందాన్ని కోరుకుంటూ,

భవదీయుడు,
ఉత్తరాల గుమాస్తా

తా.క. ఓఎల్ఈడీలో ఒకే బొమ్మను చాలాకాలం కదలకుండా ఉంచితే, టీవీ ఛానెల్ మార్చినా ఆ బొమ్మ తాలూకు మచ్చ తెర మీద ఉండిపోవచ్చు. జాగ్రత్త వహించగలరు.

*

ఉత్తరాల గుమాస్తా గారికి,

దర్జీ గారి భార్య నమస్కారాలు. మీ సగం కుశలమే అనుకుంటాను.

బాబూ, నేను నలుపు తగ్గించమని అడిగితే మీరు పక్కా నలుపు అని రాశారు. నలుపు మాకు ఉన్నది చాలు. బూడిద రంగు అన్నారే, అది అయినా కాస్త నయం కదా.

మూలకు కొలుస్తామన్న మాట మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన మిషను ఆపేసి, మనిషిని ఐమూలగా కొలిచే దర్జీ ఎక్కడైనా ఉంటాడా అన్నాడు. ఈ లెక్కన వాణ్ణి టీవీలో పడుకోబెట్టాలి, అదీ వంకరగా. ఆయనకి వాడి కొలతలన్నీ నోటికి వచ్చు. పాత పేపర్లు అతికించి, చొక్కాకి కత్తిరించినట్టు టీవీకి ఒక నమూనా కత్తిరించి గోడకి అంటించాడు. నిలువుగా. ఇదివరకు ఈ వీడియో పెడితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. వాడి గొంతు విన్నది ఆస్పత్రిలో ఆఖరు, మళ్ళీ వినలేనంటాడు. అలాంటి మనిషి నమూనా కత్తిరించాడంటే మీరు అర్థం చేసుకోవాలి.

ఇక అసలు సంగతి. మీరు మచ్చ గురించి రాశారు. కదలకుండా ఉంచితే బొమ్మ ఉండిపోతుందన్నారు. మా వాణ్ణి ఎన్నాళ్ళు ఆపి ఉంచితే ఉండిపోతాడు? తర్వాత వార్తలు పెట్టుకున్నా వెనకాల వాడు ఉంటాడా? ఉంటే అదే కావాలి. మచ్చ బాగా పడే కంపెనీ ఏదో చెప్పండి. మిగతా వాళ్ళందరూ మచ్చ పడకూడదని అడుగుతారు కాబట్టి మీకు అలాంటివి మిగిలిపోయి ఉంటాయి.

ఇట్లు,
దర్జీ గారి భార్య

తా.క. మీరు మా అబ్బాయికి ఆనందం కోరుకున్నారు. ఫోటో ముందు నిలబడి చెప్పాను. కార్డు ఫోటో కదా, బిగుసుకుపోయి విన్నాడు.

*

గౌరవనీయులైన కస్టమర్ గారికి,

మీ టీవీ తెర మీద మచ్చ పడిందని మీరు చేసిన ఫిర్యాదు అందింది. అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఫిర్యాదును మరమ్మతుల విభాగానికి పంపించాము. మా మెకానిక్ మీ ఇంటికి వచ్చి తెరను పరిశీలిస్తాడు.

టీవీని నిలువుగా బిగించినట్లు మీ ఉత్తరం వల్ల తెలుస్తున్నది. అలా బిగించిన టీవీలకు మా గ్యారంటీ వర్తించదని చెప్పడానికి విచారిస్తున్నాము. మెకానిక్ వచ్చేవరకు తెరను తడిగుడ్డతో తుడవవద్దు.

భవదీయుడు,
ఉత్తరాల గుమాస్తా

తా.క. టీవీ ముందు వంకరగా పడుకుని చూడటం కళ్ళకు మంచిది కాదు. మీ అబ్బాయి గారికి తెలియజేయగలరు.

*

ఉత్తరాల గుమాస్తా గారికి,

దర్జీ గారి భార్య నమస్కారాలు.

మీ మెకానిక్ వచ్చాడు. మచ్చ పడిన టీవీ ఏదమ్మా అన్నాడు. ఇంకా కొనలేదు నాయనా అన్నాను. మరి నిలువుగా బిగించింది ఏదమ్మా అన్నాడు. గోడకున్న పేపరు చూపించాను. దాని ముందు నిలబడి కాసేపు చూశాడు. అది పాత పేపరు, పైన పెళ్ళి సంబంధాలు, కింద ట్రాక్టర్ల ప్రకటన. అతని దగ్గర ఒక కాగితం ఉంది, ఏదో ఒకటి నింపకుండా వెళ్ళకూడదట. తెర పగల్లేదు, అంచు కొద్దిగా ఊడింది, జిగురు పెట్టుకోవాలి అని రాసి సంతకం చేయించుకున్నాడు.

తర్వాత మంచినీళ్ళిచ్చి వీడియో చూపించాను. రెండుసార్లు వేయించుకుని చూశాడు. అమ్మా, దీన్ని ఏ టీవీలో పెట్టినా మొహం వస్తుందని నేను చెప్పలేను, షోరూముకి తీసుకొచ్చి అన్నింట్లో వేసి చూడండి అన్నాడు. వెళ్ళేటప్పుడు అడక్కుండానే వంటింట్లో బల్బు మార్చాడు. స్టూలు ఎక్కి.

అప్పటినుంచి నాకు నిద్ర లేదు. అన్ని టీవీల్లో వేసి చూస్తే, ఒక్కదాంట్లో కూడా లేకపోతే? ఇప్పుడైతే ఎక్కడో ఏదో ఒక టీవీలో ఉన్నాడని అనుకుంటున్నాను. అది కూడా పోతుంది కదా. వాడి గొంతు గుర్తుంది, చేతులు గుర్తున్నాయి. నవ్వినప్పుడు మొహం ఎలా ఉండేదో రోజురోజుకీ జారిపోతోంది. అచ్చం నీ నవ్వే అంటారు మా చెల్లెలూ వాళ్ళూ. నేను నవ్వుతూ అద్దం చూసుకోలేదు, నాకేం తెలుసు. ఇప్పుడు చూసుకుందామన్నా నవ్వు రాదు.

మీరు నిజం రాయండి. రమ్మంటారా, వద్దంటారా?

ఇట్లు,
దర్జీ గారి భార్య

తా.క. మా అబ్బాయి వంకరగా పడుకుని చూడటం లేదు. మొదటి ఉత్తరం ఇంకోసారి చదవండి. మొదటి నుంచి.

*

అమ్మా,

చదివాను. మొదటి నుంచి.

మా దగ్గర ఉత్తరాల్లో టీవీ రకం, సైజు, గోడ అనే మాటల కింద గీత గీసి, వాటికి మాత్రమే జవాబు రాసే పద్ధతి. మీ ఉత్తరంలో నేను గీత గీయని చోటే సంగతంతా ఉంది. మీ అబ్బాయికి నేను ఏం రాశానో తలుచుకుంటే తల ఎత్తలేకపోతున్నాను.

నిజం రాయమన్నారు. కెమెరా పట్టుకోని వెలుతురును ఏ టీవీ పుట్టించలేదమ్మా. పెద్ద తెర మీద చెంప గీతో, ముక్కు అంచో తెలియవచ్చు. అంతకన్నా ఆశ పెట్టను. మచ్చ కూడా మనిషిలా పడదు, మరకలా పడుతుంది. మీ అబ్బాయి అలా ఉండటం మీరు చూడలేరు.

అయినా రండి. షోరూము తెరవక ముందు ఉదయం రండి, జనం ఉండరు. అన్నింట్లో నేను వేసి చూపిస్తాను. ఫోనులో ఉన్నది తీయకుండానే ఇంకోచోటికి ఎక్కించవచ్చు, మధ్యలో జారిపోదు. నా పూచీ.

మీ
ఉత్తరాల గుమాస్తా

తా.క. పెద్ద టీవీని నిలువుగా పట్టుకోవడానికి ఇద్దరు మనుషులను పెట్టాను. గ్యారంటీ గురించి ఎవరూ మాట్లాడరు.

*

గుమాస్తా బాబుకి,

అమ్మ ఆశీస్సులు. ఆ రోజు మీతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వచ్చేశాను. అందుకే రాస్తున్నాను.

గోడ నిండా మా వాడే నిలబడ్డాడు చూశారా. ఎల్ఈడీలో బూడిదగా, క్యూఎల్ఈడీలో కిటికీ భగ్గున మండుతూ. ఎందులోనూ మొహం లేదు. మీరు ముందే చెప్పారు కాబట్టి పడిపోలేదు. అన్ని టీవీల్లోంచీ ఒకేసారి, అమ్మా, నన్నా ఫ్రిజ్‌నా నువ్వు తీసేది, అని నవ్వేసరికి మా ఆయన లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. ఆయన టేపు తీసి, మీవాళ్ళు నిలువుగా పట్టుకున్న ఓఎల్ఈడీ దగ్గరికి వెళ్ళి వాడి భుజం కొలిచాడు. కొంచెం బిగుతు, వదులు చెయ్యాలి అన్నాడు. పట్టుకున్న ఇద్దరికీ నవ్వాలో ఏడవాలో తెలియక టీవీ ఊగింది.

అప్పుడు ఆయన కొంచెం వంగి, ఇదిగో, ఈ ఫ్రిజ్ తలుపులో ఎవరో ఉన్నారే అన్నాడు.

ఆ మెరిసే తలుపులో నేను ఉన్నాను. ఒక చేత్తో ఫోను పట్టుకుని, కిటికీ ఎండంతా మొహాన పడి, జుట్టు రేగిపోయి, నోరంతా తెరిచి నవ్వుతున్నాను. ఫోనులో అది ఒక మెరుపు చుక్క, ఇన్నాళ్ళూ చెయ్యి తగిలిన మరకనుకుని చీర కొంగుతో తుడిచాను. పక్కన మా వాడు చీకటిగా, తలుపులో నేను వెలుగుగా. అలా ఒక కన్ను చిట్లించి, పై పెదవి ఒక పక్కకి లాగి. బాబూ, అది వాడి నవ్వే. నా మొహం మీద ఉంది. మా చెల్లెలు అన్నది నిజమే.

మా ఆయన అన్నాడు, వాడు చూస్తున్నది ఇదే కదా అని.

ఓఎల్ఈడీ తీసుకుంటున్నాం. చుట్టూ పక్కా నలుపు ఉండబట్టే ఆ తలుపు అంత బాగా తెలిసింది. మీరు మొదటి ఉత్తరంలోనే చెప్పారు, నేనే మీతో పోట్లాడాను. ఆరడుగులది వద్దు, తలుపు కనపడేంత చాలు. మా ఆయన నమూనాని చిన్నది చేశాడు. పెళ్ళి సంబంధాలు మిగిలాయి, ట్రాక్టర్లు పోయాయి.

మీరంతా కులాసా అని తలుస్తాను. మా ఇంట్లో, ఇవాళ వరకు, ఫరవాలేదు.

ఇట్లు,
నిచ్చెన అమ్మ

తా.క. ఇప్పుడు నా భయం వేరే. టీవీ వచ్చాక నా మొహాన్ని అలా ఆపి పెట్టి చూస్తూ కూర్చుంటానంటున్నాడు మా ఆయన. మచ్చ పడకుండా ఏం చెయ్యాలో వెంటనే రాయండి. రేపు వార్తలు చదివే ఆవిడ వెనకాల నేను నోరు తెరుచుకుని ఉంటే బాగుండదు.

ఇంకో తా.క. ఆ తలుపులో నాకు గడ్డం కింద ఇంకో గడ్డం కనపడింది. అది ఏ రకం టీవీలో తగ్గుతుందో కూడా రాయండి.