రెండు మిల్లీమీటర్ల పరంజా

విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కణజాల ఇంజనీరింగు ప్రయోగశాల నుంచి నలభై వెదురు బొంగులను, ఆరు చెక్కలను, ఒక మేస్త్రిని వెనక్కి పిలిపించి, నేను కోరిన పరంజాను శనివారంలోగా ఇప్పించుట గురించి.

పై ప్రయోగశాల ఉన్న విభాగంలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్న నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. మేక ఎముక మూలుగలోంచి తీసిన మూలకణాలను పెంచి, కీళ్ళ మధ్య ఉండే మెత్తటి ఎముకగా మార్చడం నా ప్రాజెక్టు. కణాలు పళ్ళెంలో ఊరికే పరుచుకుంటే కీలు ముక్క తయారవదు. పట్టుకుని పెరగడానికి సన్నటి రంధ్రాలున్న చిన్న బిళ్ళ కావాలి. మా పుస్తకాల్లో దాన్ని స్కాఫోల్డ్ అంటారు.

2. స్టోర్సు నుంచి సరుకు కోరే ఇండెంట్లన్నీ మాతృభాషలోనే రాయవలెనని తమ కార్యాలయం సర్క్యులర్ ఇచ్చింది. నిఘంటువు చూశాను. స్కాఫోల్డ్ అంటే పరంజా అని ఉంది. "పరంజాలు పన్నెండు, ఎత్తు 2 మి.మీ., అత్యవసరం" అని రాసిచ్చాను. టైపింగులో ఒక "మి" పోయి, ఎత్తు 2 మీ. అయింది.

3. సోమవారం లారీ వచ్చింది. బొంగులు గుమ్మంలో పట్టక, కిటికీ రెక్క ఊడదీసి లోపలికి దించారు. క్రిములు చేరకూడదని మేము చెప్పులు బయట విడిచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్ళే గది అది. ఒక బొంగులోంచి చీమలు బారు కట్టి బయటికొచ్చాయి.

4. వెంట వచ్చిన తాపీ మేస్త్రి గోడలన్నీ తట్టి చూశాడు.

"గోడలు బాగానే ఉన్నాయి కదమ్మా, ఎక్కడ కట్టమంటావు?"

నేను పళ్ళెం చూపించాను.

"ఇందులోనా?"

"అవును బాబాయ్. రెండు మిల్లీమీటర్లు చాలు."

"దానిమీద నేనెలా ఎక్కేది?"

"నువ్వు కాదు, కణాలు ఎక్కుతాయి."

"పనయ్యాక విప్పేదెవరు?"

"విప్పక్కర్లేదు. అదే కరిగిపోతుంది."

ఆయన చెక్క మీద కూర్చున్నాడు. "ముప్పై ఏళ్ళు పరంజాలు కట్టాను తల్లీ. విప్పుతూ పడే ఈ మోకాలు పోయింది. కరిగేది ఉందని ఒక్కడూ చెప్పలేదు. నీ మెత్తటెముక తయారయ్యాక నాకో ముక్క ఉంచు."

అది మేకదని చెప్పాను.

"మరీ మంచిది. మెట్లు గెంతుకుంటూ ఎక్కుతాను."

5. స్టోర్సు అధికారిగారిని కలిశాను. "పరంజా అడిగారు, ఇచ్చాం. రిజిస్టరులో 'అందినది' అని ఉంది. అదే వస్తువు రెండోసారి ఇవ్వం" అన్నారు. పోనీ తిరిగి తీసుకోమంటే, పని పూర్తయినట్టు ఇంజనీరు సంతకం కావాలన్నారు. మాకు ఇంజనీరు లేడన్నాను. "మీదీ ఇంజనీరింగే కదమ్మా, మీ సారునే పెట్టమను" అన్నారు. మా సారు జీవశాస్త్రం చదివిన మనిషి. బొంగులు లెక్కపెట్టి, సెలవు పెట్టారు.

6. నాకు కావలసిన బిళ్ళల డబ్బా ఆ స్టోర్సు బీరువాలోనే ఉంది. అద్దంలోంచి కనబడుతోంది. డబ్బా మీద పేరు ఇంగ్లీషులో ఉన్నందున అది పరంజా కిందికి రాదట.

7. కణాలు పళ్ళెం నిండగానే విడదీసి వేరే పళ్ళేల్లోకి మార్చాలి. ఇప్పటికి ఐదుసార్లు మార్చాను. ఇంకా మారిస్తే మెత్తటి ఎముక అయ్యే గుణం సన్నగిల్లుతుంది. శనివారానికి పళ్ళెం నిండుతుంది. ఆలోగా బిళ్ళల మీదికి ఎక్కించకపోతే ఏడు నెలల పని, దాంతో పాటు నా డిగ్రీ, చెత్తబుట్టలోకి పోతాయి. ఆగమని కణాలకు సర్క్యులర్ పంపే వీలు లేదు.

కావున తమరు దయతో "అందినది" అన్న మాట కొట్టివేయించి, సదరు డబ్బా ఇప్పించి, నా చదువు నిలబెట్టవలసిందిగా కోరుతున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఎమ్మెస్సీ రెండో సంవత్సరం విద్యార్థిని

తా.క.: సార్, ఇది రాశాక మళ్ళీ మైక్రోస్కోపులో చూశాను. శనివారం కాదు, శుక్రవారానికే నిండిపోయేలా ఉన్నాయి. తప్పు నిఘంటువుది కాదు, టైపిస్టుది కాదు, నాదేనని రాసిస్తాను. బొంగులు నేనూ మేస్త్రీ మోసుకొచ్చి దింపుతాం. ఆ డబ్బాకు మీరు ఏ పేరు పెట్టినా సరే, ఆ పేరుతోనే అడుగుతాను. బీరువా తాళం తీయించండి సార్.