తుమ్మెద తొలిచిన మాను

కళింగపట్నం,
ఆదివారం

దాలమ్మ వదినకు,

ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పు వదినా. రేపు పైలోకంలో అన్నయ్య ఎదురై, "మన తోపులో తుమ్మెదలేమయ్యాయే?" అని అడిగితే నీ దగ్గర సమాధానం ఉందా?

చీపురుపల్లి సంతకు వెళ్లొచ్చిన నా మైకు మోసే గోవింద్ చెప్పాడు, మన తోపు సగం నేలకొరిగిందట. నీలగిరి మొక్కలు వేస్తారని ఊళ్లో అనుకుంటున్నారట. ఫోను చేద్దామనుకున్నాను. ఫోనులో నేను నోరు తెరిస్తే పురాణం మొదలైనట్టేనని నువ్వు నవ్వుతావు కదా, అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇదీ పురాణమే అయితే ఓపిక పట్టి చదివించుకో.

నేను బడి మొహం ఎరగను. గుడి అరుగు మీద ఎవరో వదిలేసిన చిరుగుల భాగవతం పుస్తకంలో అక్షరాలు ఏరుకుని చదువు నేర్చాను. ఆ పుస్తకమే ఇప్పటికీ నా సంచిలో ఉంది. నీకు జ్ఞానం ఎవరిచ్చారని యదురాజు అడిగితే అవధూత తన గురువులందరి పేర్లూ చెప్పాడు. అందులో పట్టుబట్ట కట్టినవాడు ఒక్కడూ లేడు. తుమ్మెద ఉంది, సాలీడు ఉంది, దీపం మీద పడి మాడిపోయే మిడత ఉంది, మట్టిగూట్లో పురుగును దాచే కందిరీగ ఉంది. ఆ కథ ఎన్ని ఊళ్లలో గొంతు చించుకుని చెప్పానో. మరి ఆ గురువులకు మన ఊళ్లో నిలువ నీడ ఎక్కడుంది? చేలో మందు కొడతాం. గట్టు మీద గడ్డి తగలబెడతాం. చుట్టూ వరి, మధ్యలో ఆ కాస్త తోపు. మిగిలిన గురుకులం అదొక్కటే.

తోపులో పడి ఉండే ఎండు మద్దిమాను నీకు తెలుసు కదా. ఒళ్లంతా వేలు పట్టే గుండ్రటి కన్నాలు. నల్ల తుమ్మెదలు వాటిలో దూరేవి, కింద పసుపు రంగు పొట్టు రాలేది. చిన్నప్పుడు అన్నయ్యా నేనూ దానికి చెవి ఆనించి పడుకునేవాళ్లం. లోపల ఎవరో తంబూరా శ్రుతి చేస్తున్నట్టు ఉండేది. ఆ తుమ్మెదలే పొద్దున్నే మన వంగమడిలోకి వచ్చి, పువ్వును కరుచుకుని వేలాడి, ఝుమ్మని ఒళ్లు అదిలిస్తే పుప్పొడి రాలేది. ఆ చప్పుడు లేనిదే వంకాయకు నిండు రాదని మా అమ్మ అనేది. తొలకరి పడితే ఆ మాను పక్కనే ఆరుద్ర పురుగులు కుంకుమ చల్లినట్టు పాకేవి. ఒకసారి నాన్న దాన్ని వంటచెరుకుకు కొట్టబోతే అన్నయ్య దాని మీద బోర్లా పడుకుని లేవలేదు.

ఇంకో మాట, ఇన్నాళ్లూ లోపలే పెట్టుకున్నది. అన్నయ్య నా ప్రవచనానికి ఎన్నడూ వచ్చి కూర్చోలేదు. ఊరంతా వచ్చేది, ఆయన చాప మాత్రం ఖాళీ. ఆడది మైకు ముందు నిలబడి అరిస్తే ఆయనకు సిగ్గని అనుకున్నాను. అడగలేదు. ఇంతలో పోయాడు. మా ఇద్దరికీ మిగిలిన ఉమ్మడి ఆస్తి ఆ మానులో విన్న చప్పుడే. దాన్నీ కొట్టించావు.

అందుకే నిశ్చయించుకున్నాను. అన్నయ్య సంవత్సరీకానికి నేను రాను. ఆ మోళ్ల మధ్య నుంచి నడిచి వచ్చి పిండం ముందు కూర్చోలేను.

నీ ఆడపడుచు,
భారతి

*

మంగళవారం

భారతికి,

కోడలు అరుణశ్రీ సేత రాయిస్తన్నాను. నాను అన్నది అన్నట్టే రాయే, దిద్దకు అన్నాను. నవ్వుకుంటా రాస్తంది.

పైలోకంలో మీ అన్న నన్నేటీ అడగడు. నిన్నే అడుగుతాడు, "ఏటే, మా దాలమ్మని తిట్టడానికా నీకు మైకు?" అని. నీలగిరేటి, నా మొకం. గోవింద్‌ని సంతకి పంపితే సరుకులు మానీసి కబుర్లు కొనుక్కొచ్చీనాడు.

తోపు కొట్టిస్తన్నది నీకోసవే.

మీ అన్న రాకపోడవేటి? నువ్వు కథ సెప్పిన పెతీ రోజూ వచ్చీవోడు. అవతల సీకట్లో ఎడ్లబండి సాటున కూకొని యినీవోడు. ముందుకెళ్లి కూకోరాదా అంటే, "నన్ను సూస్తే దానికి మాట తడబడతాది, సిన్నప్పుడూ అంతే" అనీవోడు. నువ్వు టార్పాలిన్ కింద వాన్లో తడిసి సెప్పినావే, ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. పోయేముందు నా సెయ్యట్టుకుని, "తోపు సదును సేయించి సెల్లికి మండపం కట్టీ దాలీ, దానికి తడవని సోటుండాల" అన్నాడు. మద్దిమాను మాత్రం ముట్టొద్దన్నాడు. మండపం ముందర ఎట్టాలట, నువ్వు దానిమీద కూకొని కథ సెప్పాలట.

సంవత్సరీకం నాడు నీకు సూపించి ఏడిపిద్దావనుకున్నాను. నువ్వు ముందే ఏడ్సీసినావు.

ఒకటి దాసను. మానుంది గానీ మోత నేదు. సుట్టూ నీడ పోయి ఎండకి పెనంలా కాలతంది, ఒక్క తుమ్మెద రాదు. వంగపూత ఎండి రాలిపోతంది. గుమ్మడి పిందెలు కుళ్లిపోతంటే, పొద్దున్నే మగపువ్వు తుంపి ఆడపువ్వులకి నానే రాస్తన్నాను. ఈ వయసులో తుమ్మెదనయిపోనాను. పక్కచేనోళ్లు నవ్వుతన్నారు.

అయినా మాటిచ్చీసినాను. మిగిలిన సగం లక్ష్మివారం సోములు రంపం మిషను తెచ్చి కొడతాడు. సాయంత్రం లారీ వచ్చి కర్రంతా ఎత్తుకుపోతాది. సచ్చినోడి మాట నాను తప్పను. నువ్వు రా.

దాలమ్మ

*

కళింగపట్నం,
లక్ష్మివారం, వేకువ

నా వదినకు,

రాత్రి నీ ఉత్తరం అందింది. నీ ఫోను పలకడం లేదు. ఇది గోవింద్ చేతికిచ్చి మోటారుసైకిల్ మీద పంపుతున్నాను.

నన్ను క్షమించమని అడగను, ఆ పని వచ్చాక నీ కాళ్ల దగ్గర కూర్చుని చేస్తాను. ఎడ్లబండి చాటున ఒక మనిషి ఉన్నాడు. నేను పైకి చూసి స్వర్గం గురించి చెప్పాను, ఎదురుగా చూసి ఊరిని తిట్టాను. ఒక్కసారి పక్కకు చూసి ఉంటే చాలు. "అన్నయ్యా, నాకు మండపం వద్దు, నువ్వొచ్చి ముందు కూర్చో" అని అనేదాన్ని. ఆయన మనసు తేలికపడేది, తోపు నిలిచేది. ఆ ఒక్క మాట చెప్పడానికి ఇప్పుడు మనిషి లేడు.

మాట తప్పనన్నావు. విను, శాస్త్రం చెబుతాను. దానం ఇచ్చేవాడి చేతిలో సగమే ఉంటుంది. పుచ్చుకునేవాడు చెయ్యి చాస్తేనే మిగతా సగం. ఆ మండపం నాకిచ్చిన దానం. నేను చెయ్యి చాచను. కనుక నువ్వు మాట తప్పినట్టు కాదు, అన్నయ్యకు మాట పోయినట్టూ కాదు. పాపమేదైనా ఉంటే అది పుచ్చుకోనన్న నాది. యముడి ముందు నిలబడి ఇదే చెబుతాను, మైకు లేకుండా.

తడవని చోటు కదా ఆయన కోరింది? తోపులో మిగిలిన నేరేడు చెట్ల కింద ఆ టార్పాలినే కట్టు. సంవత్సరీకం నాడు అక్కడే కూర్చుని తుమ్మెద కథ చెబుతాను. కాస్త తడిస్తే తడుస్తాను. ఎడ్లబండి కూడా తెచ్చి అవతల నిలబెట్టించు.

కొట్టిన మానులను లారీకి ఎక్కించనివ్వకు. పడినవి పడినచోటే ఎండనీ. తొలిచేవాళ్లకు ఇల్లు కావాలి. ఆకులు ఊడ్చి తగలబెట్టొద్దు. మోళ్లు చిగురిస్తే మేకలను తోలనివ్వొద్దు. తుమ్మెదలు తిరిగి వస్తాయో రావో నాకు తెలియదు. నా సంచిలో పుస్తకంలోనూ లేదు. కానీ ఉన్న సగం పోతే మాత్రం రావు, అది తెలుసు.

గోవింద్ వాకిట్లో నిలబడి ఉంటాడు. వాడికి మంచినీళ్లు తరవాత ఇద్దువుగాని. గుమ్మడిపువ్వు చేతిలో ఉంటే ఉండనీ, అలాగే బండెక్కు. తోపులోకి పో. సోములు మిషను తాడు లాగకముందే ఆ మద్దిమాను మీద కూర్చో. వాడు లెమ్మంటే లేవకు, ఆనాడు అన్నయ్య లేవలేదు. నేను తొలి బస్సుకు బయల్దేరుతున్నాను, నీ పక్కన కూర్చుంటాను. రేపు కాదు వదినా, కాగితం మడిచేలోగా లే.

దారిలో ఉన్న
భారతి