ఆరు గంటల వాన

అబిన్,

చిలగడదుంప గంజి కుక్కర్లో ఉంది, వేడి చేసుకుని తిను. సోల్డరింగ్ ఐరన్ మళ్లీ ఆపకుండా వదిలేశావు, ప్లగ్ పీకేశాను. ఇల్లు తగలబడితే గానీ నీకు బుద్ధి రాదు.

చెల్లెలితో పెద్దాసుపత్రికి వెళ్తున్నాను. నాకు ఆపరేషన్ చేసినా పెద్దగా ఆశ లేదని డాక్టరమ్మ మొన్ననే చెప్పేసింది. ఆ మాట నీ చెవిన వేద్దామని రెండుసార్లు మేడెక్కాను. రెండుసార్లూ "ఉండవే షియోలువాన్, ఈ ఒక్క తీగా అతికించనీ" అన్నావు. దిగొచ్చేశాను.

మేడ మీది నా ఆర్కిడ్ కుండీలు ఎదురింటి లిన్ వదినకి ఇచ్చేశాను. నువ్వెలాగూ నీళ్లు పోయవు.

ఇంకో మాట. రోజూ పొద్దున ఆరింటికి మన మేడ మీద మాత్రం చినుకులు పడతాయని నీ వానకొలత డబ్బా మూడేళ్లుగా చెబుతోందిగా. "ఊరంతా ఎండ, మనకే వాన, చూశావా!" అని నువ్వు గంతులేస్తుంటే నోరు మూసుకున్నాను. ఆ కుండీలు వేలాడింది సరిగ్గా దాని పైనే. రేపట్నుంచి ఆ వాన పడదు. డబ్బా చెడిపోయిందని విప్పి కూర్చోకు. అది బాగానే ఉంది.