భుజానికి ఎర్ర కండువా

నేపర్‌విల్

ఒరే లక్ష్మీపతీ,
ఇది ఫోన్‌లో చెప్పలేను, అందుకే రాస్తున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికెళ్లాలో తెలియడం లేదు. మ్యూజియంలో బొమ్మల గురించి చెప్పే చంద్రిక గారికి నా మనసు చెప్పాలి. మొన్న విక్టోరియా రాణి కాలంలో గీసిన బొమ్మ చూపించింది. ఇనప చొక్కా తొడుక్కుని యుద్ధానికి పోతున్న వీరుడి భుజానికి దొరసాని ఎర్ర గుడ్డ కడుతోంది. "ఆ గుడ్డే ప్రేమ, శ్యామ్ గారూ" అంది. నలభై ఏడేళ్లవాణ్ణి, యుద్ధానికెక్కడ పోను?
నీ శ్యామ్‌సుందర్
తా.క. శనివారం మళ్లీ ఆమె తిప్పి చూపించే మ్యూజియం టూర్ బుక్ చేశాను. ఇది తొమ్మిదోది.

నోవై

వీరాధివీరుడికి,
ఇంటర్ తప్పినవాణ్ణయినా ఇది నాకు తెలుసు. మాటలు నీవల్ల కావు. ఎర్ర కండువా కొను, ఆ బొమ్మ ముందే చెయ్యి చాపి "కట్టండి" అను. ఇంకొక్క ముక్క మాట్లాడితే చెడగొడతావు.
నీ మేలు కోరే లక్ష్మీపతి
తా.క. ఇనప చొక్కా వద్దు. మ్యూజియం డోర్ దగ్గర మెషీన్ అరుస్తుంది.

నేపర్‌విల్

ద్రోహీ,
చెయ్యి చాపాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు ముళ్లు వేసి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చాక్లెట్ తీసి నా నోట్లో పెట్టింది. "నాకు తోడబుట్టినవాళ్లు లేరన్న దిగులు ఇవాళ్టితో పోయింది, అన్నయ్యా" అంది. అమెరికన్ ముసలమ్మలు చప్పట్లు కొట్టారు. మనవాళ్లకి అది రాఖీ అవుతుందని నీకు ముందే తెలుసా?
శ్యామ్‌సుందర్
తా.క. ముడి ఊడి రావడం లేదు. స్నానం కూడా దాంతోనే.

నోవై

అన్నయ్య గారికి,
తెలుసు. తెలుగు సంఘం పిక్నిక్‌లో పరిచయమైనప్పటి నుంచీ నన్ను పెళ్లి చేసుకోమని ఆమెను నేనూ అడుగుతున్నాను. "నా తరఫున మాట్లాడే పెద్దవాళ్లు లేరు" అని దాటేస్తోంది. నీ తొమ్మిది టూర్ల సంగతి చదివాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే నిన్ను పక్కకి తప్పించాను. ఏమీ అనుకోకు.
విజయుడు లక్ష్మీపతి
తా.క. పెళ్లిలో నా కాళ్లు కడగాల్సింది నువ్వే. గోళ్లు తీయించుకుని వస్తాలే.

నేపర్‌విల్

మహారాజశ్రీ లక్ష్మీపతి గారికి,
తమరి సంబంధం గురించి మా చెల్లాయి నిన్న చెప్పింది. "ఇన్నాళ్లూ పెద్దవాళ్లు లేరన్నాను. ఇప్పుడు నువ్వున్నావు, నువ్వు ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ" అంది. శనివారం ఆ బొమ్మ ముందే పెళ్లిచూపులు. మంచులో జాగ్రత్తగా డ్రైవ్ చేసుకుని రండి. తమరి కిందటి ఉత్తరం నా జేబులో ఉంటుంది. అది చెల్లాయి చేతికి ఇవ్వాలో వద్దో తమరి నడవడిక చూసి తేలుస్తాను.
ఆడపిల్ల తరఫు పెద్ద,
శ్యామ్‌సుందర్
తా.క. ఇనప చొక్కా తొడుక్కునే రండి. ముడి ఇంకా ఊడలేదు. ఇప్పుడు నాకూ విప్పాలని లేదు.