బెహరీన్ నుంచి రావాల్సిన జీతం

2002 జూన్ 3, సోమవారం

రాయి ఎర్రిస్వామీ. నేను చెప్పింది చెప్పినట్టే రాయి, నీ తెలివి కలపొద్దు. అల్లుడివైనా సరే.

పొద్దున కొళాయి కాడ మీ అన్న వన్నూరప్ప అందరూ ఇనేట్టు అన్నాడు — "ఏమత్తా, నీ కూతురు బెహరీన్‌లో ఇంకో సంసారం పెట్టినట్టుండాదే, దుడ్లు రావడం నిలిచిపాయె!"

బిందె ఆడే ఇడిసి వచ్చినా. ఒళ్లంతా మండిపోతాండాది.

రెండు నెల్ల జీతం రాలేదు, నిజమే. దానికి ఇంత మాటా...

జూన్ 4, మంగళవారం

ఆదివారం చావిట్లో పంచాయితీ అంట. పెట్టించింది వాడే, వన్నూరప్ప. నా బిడ్డ శారద అగ్రిమెంటు వచ్చే నెలకు అయిపోతాది, కంపెనీవాళ్లు ఇంకో రెండేండ్లు ఉండమంటాండారు. వీడేమో — పిలిపించండి దాన్ని, లేదంటే తమ్మున్నీ పిల్లోల్లనీ నా ఇంటికి తోలుకపోతా — అంటాడు.

తోలుకపోతాడంట! గొర్రెలనుకున్నాడా?

సంతోషం. పెట్టనీ పంచాయితీ. నాకు చదువు రాదు, నోరుండాది. దినామూ చెప్తా, అల్లుడు రాసి మల్లా సదివి ఇనిపిస్తాడు. ఆదివారం ఒక్క మాట తప్పిపోకూడదు.

మొదటి మాట. వాన ఎగ్గొట్టి సెనిక్కాయ ఇత్తనాలు మట్టిలోనే మాడిపోయిన ఏండ్లలో మాకు కూడు పెట్టింది ఎవురు? రాయదుర్గం షెడ్డులో జీన్స్ ప్యాంట్లు కుట్టి, గోర్ల సందులో నీలిరంగు పోకుండా తిరిగిన నా బిడ్డ. ఆ చేతిపని చూసే కదా బెహరీన్ కంపెనీవాళ్లు ఇమానం ఎక్కించింది!

రెండో మాట. ఎర్రిస్వామి మా ఇంటికి ఇల్లరికం వచ్చినోడు. ఇచ్చేసినోన్ని మల్లా ఎట్ల అడుగుతాడు వాళ్లన్న?

అల్లుడు పెన్ను నోట్లో పెట్టుకున్నాడు. "అత్తా, ఇది వద్దులే..."

రాయి!

జూన్ 6, గురువారం

నిన్న రాయనన్నాడు. మేకలు తోలుకోని పాయె. అదీ రాయి ఇప్పుడు.

రేపు శుక్రవారం. శారదకు సెలవు. రాయదుర్గం ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేస్తాది. అడగాల్సినవి నోట్లో తిప్పుకుంటాండా — జీతం యాడ? ఒళ్లు బాగుండాదా? ఎవురైనా లాక్కున్నారా? మొదట ఏది... మొదట ఒళ్లు.

జూన్ 7, శుక్రవారం

రాయి, రాయి, బిరీన రాయి!

ఫోన్ మోగతానే నేనే లాక్కున్నా. మొదట ఒళ్లు అనుకుంటి కదా — నోట్లోనుంచి వచ్చింది జీతమే.

"ఏమ్మే, జీతం ఏమాయె?"

"యాడికీ పోలేదమ్మా. నా పెట్టెలోనే ఉండాది."

"పెట్టెలోనా?"

"కంపెనీ బస్సు మమ్మల్ని టౌనుకు తోలుకపోయేది శుక్రవారమే. ఇన్నాళ్లూ మా కంపెనీ వంటాయన శనివారం పోయి ఇంటికి పంపే దుడ్లు కట్టి వచ్చేవాడు. ఆయన పని మానేసి కేరళకు పాయె. నేనే పోదామంటే శుక్రవారమాయె. నువ్వే కదమ్మా పోయేటప్పుడు చెప్పినావు, శుక్రవారం లచ్చిమిని చేతిలోనుంచి జారనీయొద్దని!"

నాకు నగు వచ్చింది చూడు — బూత్‌లో జనమంతా తిరిగి చూసినారు.

"ఓసి పిచ్చిదానా! ఆ లచ్చిమి పరాయి ఇంటికి పోతాందా? మనింటికే కదా వచ్చేది! పంపు. ఈ పొద్దే పంపు!"

"శుక్రవారం అమ్మా..."

"శుక్రవారమే! నట్టింట్లోకి లచ్చిమి వచ్చే దినం!"

ఇంకోటి కూడా చెప్పింది. ఇంకో రెండేండ్లు ఉంటే లైన్ సూపర్‌వైజర్ చేస్తారంట. నా బిడ్డ! ఆడంగుల వరసంతా దాని చేతికింద! అంతలో లైను తెగిపాయె.

పక్కన అల్లుడు చెయ్యి చాపుకోనే ఉన్నాడు.

జూన్ 8, శనివారం

మూడో మాట దొరికింది. చెప్పను. చావిట్లోనే.

జూన్ 9, ఆదివారం

గెలిచినా! సగం గెలిచినా. సగం...

వరసగా రాయి. ఊరిపెద్ద తిప్పన్న నడిమధ్య కూసున్నాడు. వన్నూరప్ప లేసి జీతం మాట ఎత్తినాడు. నేను శారద చెప్పింది చెప్పినా. వాడు ఇకిలించినాడు — "ఏం కతలు చెప్తావత్తా!"

నేను తిప్పన్న తట్టు తిరిగినా. "అన్నా, నీకు అంగడి ఉండాది. శుక్రవారం నీ గల్లాలోనుంచి ఎవురికైనా చేబదులు ఇస్తావా?"

తిప్పన్న మీసం దువ్వుకున్నాడు. "మా ఆడది సంపుతాది."

చావిడంతా నగింది. గోడ పక్క ఆడంగులు ఇంకా గట్టిగా. వన్నూరప్ప మొగం సున్నం కొట్టినట్టాయె. ఆ మొగం చూసేదానికి మూడు కోసులైనా నడిచి పోదును.

అయినా వాడు ఇడిసిపెట్టలేదు. "జీతం మాట సరే. ఇంకా రెండేండ్లు పెండ్లాం లేకుండా ఉంటాడా మా తమ్ముడు? వాన్ని అడగండి."

నేను నోరు తెరిస్తి. తిప్పన్న చెయ్యెత్తినాడు — "నువ్వు కాదమ్మా. ఎర్రిస్వామిని చెప్పనీ."

అల్లుడు నేల చూసినాడు. "శారదను అడిగి చెప్తా."

"ఇన్నాళ్లూ అడగలేదా?" అన్నాడు తిప్పన్న.

"ఫోను అత్త చేతిలోనుంచి నా దాకా రాలేదన్నా."

మల్లా అందరూ నగినారు. ఈ తూరి నేను నగలేదు.

శుక్రవారం దాకా గడువు.

జూన్ 11, మంగళవారం

వాన మోడం పట్టింది. ఒక్క చినుకూ రాలలేదు.

పిల్లోల్లకు అల్లుడే జడలేసినాడు, అల్లుడే రాగిసంగటి కెలికినాడు. రెండేండ్లుగా అంతే. చావిట్లో ఈ మాట చెప్పడం మరిచిపోయినా. ఎవురి కోసమో అన్ని మాటలు కూడబెట్టి, ఈయప్ప మాట ఒక్కటీ...

దీన్ని రాయనంటాడు. రాయి.

జూన్ 13, గురువారం

జీతం వచ్చింది! రెండు నెల్లదీ! పోస్టాయన అరుగెక్కుతానే నేను ఎదురు పోయినా. ఊరంతా చూసేట్టు సంతకం బదులు వేలిముద్ర ఏసినా.

రేపు ఫోన్ కాడికి నేను రాను. నువ్వే పో ఎర్రిస్వామీ. నేను వస్తే మల్లా లాక్కుంటా, నా సంగతి నాకు తెలుసు. దాని మాట నువ్వే ఇను, నీ మాట నువ్వే చెప్పు.

ఉండమంటావా, రమ్మంటావా?

అడిగినా. ఇది కూడా రాసినాడు. తల ఎత్తలేదు.