ఆ పుస్తకం ఇచ్చింది మాస్టారే

ఆదివారం

మాస్టారు ఈరోజు చర్చిలో పెద్దల ముందు అబద్ధమాడారు. జీవులు ఎలా మారుతూ వచ్చాయో చెప్పే ఆ పుస్తకం నాకెలా వచ్చిందో తనకు తెలియదన్నారు.

పదో తరగతితో చదువు ఆపేసి పత్తి విత్తనాల చేలో క్రాసింగ్ పనికి పోతున్న నాకు దాన్ని ఇచ్చిందే ఆయన. "నువ్వు చేలో చేసే పని దీన్లో ఉందిరా, చదువు" అన్నారు. మొగ్గలో మగ భాగం గిల్లేసి, వేరే రకం పుప్పొడి రాసి, గుర్తుగా దారం కడతాం. తల్లిదండ్రుల గుణాలు పిల్లలకు ఎలా వస్తాయో బఠాణీ మొక్కలతో తేల్చినవాడు ఒక మఠంలో సన్యాసి అని అందులోనే చదివాను. బతికుండగా ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదట.

శనివారాలు చర్చిలో పిల్లలకు పాఠం చెబుతాను; పోయినసారి ఆయన గురించీ, జీవులు మారుతూ రావడం గురించీ చెప్పాను. అందుకే ఈరోజు సంఘ పెద్ద లేచాడు.

"ఏరా, మీ తాత కోతా?"

అందరూ నవ్వారు.

"ఆ బఠాణీలాయనా మనలా ప్రార్థన చేసినవాడేనండి. పుస్తకం మాస్టారిదే, అడగండి" అన్నాను.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "నాకు తెలియదండి" అన్నారు. అంతే, ఇక పిల్లలకు పాఠం చెప్పొద్దన్నారు పెద్దలు నన్ను.

మిషన్ స్కూల్లో ఉద్యోగం పోతుందని ఆయనకు భయం ఉంటుంది, తెలుసు. కానీ నాకు ఉన్నది ఆ శనివారం పాఠం ఒక్కటే. మేం కలిపిన ప్రతి పువ్వుకీ దారం కడతాం, తర్వాత ఎవరూ కాదనకుండా. ఆయన నేర్పిన చదువుకి ఏం కట్టి ఉండాల్సింది...

వచ్చే ఆదివారం ఆరాధన ముగిసేలోపు, అదే పెద్దల ముందు, "నేనే ఇచ్చాను" అనండి మాస్టారూ. రేపు మీ ఇంటికొచ్చి ఈ మాటే చెబుతాను.