నాదైన ఒక్క వాక్యం

మంగళవారం, హెర్న్‌డన్, అమెరికా

పోర్ట్రెయిట్లు గీసిన ఒక ఐరిష్ చిత్రకారుడి జీవితం మీద నేనిచ్చిన పేపర్‌లో పదకొండు వాక్యాలు ఆయన మీద వచ్చిన ఒక పుస్తకంలోవేనని ప్రొఫెసర్ మెయిల్ పెట్టారు. రేపు పదింటికి రమ్మన్నారు. నచ్చిన వాక్యాలన్నీ బట్టీపట్టి అలాగే రాసేశాను, ఎక్కడివో చెప్పాలని తోచనేలేదు. మా స్కూల్లో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే ఫుల్ మార్కులు.

"ఇక్కడ దాన్ని దొంగతనం అంటారే తల్లీ! కాలేజీలోంచి తీసేస్తే వీసా కూడా పోద్ది," అంది రూమ్మేట్ శ్రావణి.

పేపరంతా మళ్ళీ చదివాను. ఆ చిత్రకారుడి బొమ్మల్లోని మనుషుల గురించి నేను సొంతంగా రాసింది ఒకటే దొరికింది: "ఎవరైనా పేరుపెట్టి పిలుస్తారేమోనని భయపడుతూ కూర్చున్నట్టున్నారు." నిజంగా పేపర్ మొత్తంలో అదే బాగుంది. అందుకే, అది నాదంటే ప్రొఫెసర్ నమ్మరేమో.